గుయ్‌మనే రొదా, మూడవ పిన్నూ



ఇంట పాటలు వినే యంత్రంలో నుండి 'గుయ్' మని రొద వస్తున్నదంటే చాలు, ఎవరో ఒకరు వెంటనే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు కొనుక్కోమంటారు. మరొకరు అంత ఖర్చెందుకు, ప్లగ్గుకున్న మూడవ పిన్ను విరిచేయమంటారు. మొదటి సలహా చాలా ఇళ్ళలో తొందరపాటు. రెండవది ఏ ఇంటనైనా ప్రాణాంతకం. ఈ రెండు మాటలూ చెప్పడానికే ఈ వ్రాత. నేను తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికినవాణ్ణే గాని విద్యుచ్ఛాస్త్రం చదివినవాణ్ణి కాను. అయినా రెండు సలహాలనూ మా ఇంట్లో చేసి చూసినవాణ్ణి గనుక, మాట్లాడే అర్హత కొంత ఉన్నదనుకుంటున్నాను.

మా గురువుగారు భాగవత పద్యాలు చదువుతుండగా 1980లలో పట్టిన కాసెట్లు కొన్ని నా దగ్గర ఉన్నాయి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ చదువు మరెవరి దగ్గరా లేదు. టేపు పాడయ్యేలోగా ఆ గొంతును కంప్యూటరులోకి ఎక్కించాలని కూర్చున్నాను. టేపు డెక్కును ఆంప్లిఫయరుకూ, ఆంప్లిఫయరును కంప్యూటరుకూ తీగలతో కలపగానే రొద మొదలయింది. సీసం నాలుగు పాదాలూ ముగించి ఎత్తుగీతికి దిగేముందు గురువుగారు ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకునేవారు. ఆ ఊపిరి కోసమే నేనా కాసెట్లు దాచుకున్నానేమో! ఇప్పుడా విరామం నిండా గుయ్‌మనే మోతే.

తెలిసిన ఎలక్ట్రీషియను ఒకరు వచ్చి చూసి, కంప్యూటరు ప్లగ్గుకున్న పెద్ద పిన్నును తీసివేశారు. రొద ఆ క్షణమే ఆగింది. నేనూ సంబరపడ్డాను. నాలుగవనాడు ఆంప్లిఫయరు తీగ ఊడదీసి దుమ్ము తుడవబోయిన మా ఆవిడ చేతికి కంప్యూటరు డబ్బా చురుక్కుమన్నది.

కారణం తరువాత బోధపడింది. కంప్యూటరు లోపల రొదను వడగట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి కొద్దిపాటి విద్యుత్తును ఎల్లప్పుడూ డబ్బా మీదుగా ఎర్తులోకి వదులుతుంటాయి. పిన్ను పోయాక అది పాటల తీగ వెంట ఆంప్లిఫయరు ఎర్తును చేరుకొంటున్నది. ఆ తీగ కూడా ఊడేసరికి దానికి దారి లేకపోయింది. ఇది చురుక్కుతో పోయింది. అదే లోపల ఫేజు తీగ ఊడి డబ్బాకు తగిలి ఉంటే? ఎర్తు ఉన్నచోట ఫ్యూజు పోతుంది. లేనిచోట ముట్టుకున్న మనిషి పోతాడు. మన ప్లగ్గులలో ఆ పిన్నును మిగిలిన రెండింటికంటే లావుగా, పొడుగ్గా చేయడంలో ఉద్దేశమే అది. విద్యుత్తు అందేలోగా ఎర్తు అందాలి. అటువంటి దానిని విరిచేయమనడం, కిర్రుమంటున్నదని వీధి తలుపు ఊడబెరకమనడమే.

ఇక ట్రాన్స్‌ఫార్మరు సంగతి. 1831లో ఫారడే ఇనుప వలయం మీద రెండు తీగలను విడివిడిగా చుట్టి, ఒకదానిలో ప్రవాహం మారితే రెండవదానిలో ప్రవాహం పుడుతుందని చూపించాడు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు దాని సంతానమే. 230 వోల్టులు లోపలికి పోతే, ఇంచుమించు 230 వోల్టులే బయటికి వస్తాయి. రెండు చుట్టలకూ నడుమ తీగ సంబంధం లేదు, అయస్కాంత సంబంధమే. నలదమయంతులు ఒకరినొకరు చూడకుండానే హంస నడుమ తిరిగి రాయబారం నడిపినట్లన్నమాట.

అయితే హంస చెప్పిన మాటను చెప్పినట్లే మోసుకుపోతుంది. ఫేజుకూ న్యూట్రలుకూ మధ్యనే పుట్టిన కల్మషం చాలావరకు ఈ యంత్రం గుండా అలాగే దాటిపోతుంది. ఇన్వర్టరు ఇచ్చే చదరపు తరంగం ఇందులో దూరినంత మాత్రాన గుండ్రబడదు. ఎర్తుతో పోల్చినప్పుడు రెండు తీగల మీదా ఒక్కటిగా ఊగే రొదను మాత్రం ఇది బాగా ఆపుతుంది. అది కూడా రెండు చుట్టల నడుమ ఎర్తుకు కలిపిన రేకు తొడుగు ఉంటేనే. ఆ తొడుగు లేని చౌకరకంలో సన్నని చిరచిరలు ఒక చుట్ట నుండి మరొక చుట్టకు దూకుతూనే ఉంటాయి.

ఒక మిత్రుని వద్ద నుండి అటువంటి యంత్రాన్ని తెచ్చి, కొత్త ప్లగ్గు వేయించి, పెట్టి చూశాను. నీళ్ళ మోటారు ఆపినప్పుడు స్పీకరులో వినవచ్చే 'టప్పు' తగ్గింది. గుయ్ రొద మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకంటే సక్రమంగా చేసిన ట్రాన్స్‌ఫార్మరు ఎర్తు తీగను తెంపదు, యథాతథంగా ముందుకు అందిస్తుంది. నా రొదకు మూలం ఆ ఎర్తు దారిలోనే ఉన్నది.

కంప్యూటరు ఒక గది బోర్డులో, ఆంప్లిఫయరు పక్కగది బోర్డులో ఉన్నాయి. రెండు ఎర్తులకూ మధ్య రవంత వోల్టేజి తేడా ఉంటుంది. పాటల తీగ ఆ రెంటినీ కలపగానే వలయం పూర్తయి, దాని పై అల్లిక వెంట 50 హెర్ట్జుల ప్రవాహం నడుస్తుంది. అదే గ్రౌండ్ లూప్. రెండింటినీ ఒకే బోర్డుకు మార్చాను. రొద సగానికి పైగా తగ్గింది. మిగిలిన తీగలను ఒక్కొక్కటే ఊడదీస్తూ పోగా, టీవీ కేబులు ఊడగానే గది నిశ్శబ్దమయింది. కేబులువాళ్ళ తీగ ఎక్కడో దూరాన ఉన్న మరొక ఎర్తును మోసుకొని మా ఇంట్లోకి వచ్చి, టీవీ మీదుగా ఆంప్లిఫయరుకు చుట్టుకున్నది. టీవీకీ ఆంప్లిఫయరుకూ నడుమ ధ్వని తీగలో పెట్టే చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు ఒకటి పెట్టాను. అరచేతిలో ఇమిడే వస్తువు. అక్కడ తెగినది ధ్వని తీగలోని లంకె మాత్రమే, రక్షణకున్న ఎర్తు కాదు. రెండు గదులకు నడుమ ఎర్తు తెంపక తప్పదనిపించినా తెంపవలసిన చోటు అదే.

కనుక నా అభిప్రాయం ఇది. ముందు తీగలు ఒక్కొక్కటే ఊడదీసి వినండి. తరువాత అన్నిటినీ ఒకే బోర్డుకు చేర్చండి. ఆ సాకెట్టు మూడవ రంధ్రం వెనుక నిజంగా ఎర్తు ఉన్నదో లేదో తెలిసినవారి చేత పరీక్ష చేయించండి. మన ఇళ్ళలో ఆ రంధ్రం అలంకారంగా మిగిలిన చోట్లు తక్కువేమీ కాదు. ఇవన్నీ అయ్యాక కూడా మోటార్ల, చార్జర్ల చిరచిర వినబడుతుంటే అప్పుడు పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కొనండి. ఆంప్లిఫయరు లాగే విద్యుత్తుకు రెట్టింపుకు తగ్గకుండా దాని సామర్థ్యం ఉండాలి. టేపు డెక్కుకూ గ్రామఫోను ముల్లుకూ దూరంగా పెట్టాలి. దగ్గరగా ఉంటే దాని అయస్కాంతమే కొత్త రొద తెచ్చిపెడుతుంది. దాని తరువాత ఎర్తును తెంపే పని మాత్రం చేయకండి. ఎర్తుకు కలపని వెలుపలి చుట్ట ఒక తీగ తాకితే కాపాడవచ్చు, రెండూ తాకితే కాపాడదు. 30 మిల్లీఆంపియర్ల తేడాకే తెగిపడే రక్షణ స్విచ్చి మెయిను దగ్గర ఉన్నా, ట్రాన్స్‌ఫార్మరుకు ఆవల జరిగే ఆ ప్రమాదం దానికి కనబడదు.

వెలగల యంత్రాన్ని నేను నిందించడం లేదు. ఆ వరుసలో దాని చోటు చివరిదంటున్నాను, అంతే. పిన్ను విరిచే సలహాకు మాత్రం ఆ వరుసలో చోటే లేదు.

నిన్న రాత్రి గజేంద్రమోక్షం కాసెట్టు ఎక్కించాను. ఎత్తుగీతికి ముందు గురువుగారి ఊపిరి వినబడింది. ఆ వెనుక ఎవరో విద్యార్థి దగ్గడం కూడా వినబడింది. అది నేనేనేమో తెలియదు.

మీ ఇళ్ళలో ఏ తీగ ఊడదీస్తే రొద ఆగిందో తెలియజేయగలరు.

స్వస్తి.