దొరకని మూత



కెమేరా అనగానే ఈ రోజుల్లో మీకు గుర్తుకు వచ్చేది జేబులోని ఫోను. దాని కటకం కందిగింజ కన్నా పెద్దది కాదు. పాతకాలపు స్టూడియో కెమేరా అలాంటిది కాదు. అది మూడు కాళ్ళ స్టాండు మీద నిలబడే చెక్కపెట్టె. దానికి మధ్యలో హార్మోనియానికి ఉన్నట్లు ముడతలు పడిన తిత్తి, ముందు ఇత్తడి గొట్టంలో బిగించిన పెద్ద కటకం, వెనుక గరుకు గాజుపలక ఉంటాయి. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డ కప్పుకొని, ఆ పలక మీద తలకిందులుగా పడే ప్రతిబింబాన్ని చూసి సరిచేసుకొనేవాడు. 4 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల పొడవు, లేదా అంతకన్నా పెద్ద ఫిల్మునో గాజుపలకనో వాడే కెమేరాలను పెద్ద ఫార్మాట్ కెమేరాలు అంటారు.

అటకల మీద అలాంటివి ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. ఎక్కడైనా ఒకటి కనిపిస్తే కటకానికి మూత ఉన్నదో లేదో చూడండి. చిన్న వస్తువు కాబట్టి మొదట పోయేది అదే. దుకాణంలో అడిగితే దొరకదు. దొరకదు కాబట్టి కటకాన్ని అలాగే వదిలేస్తారు. నాలుగు వానాకాలాలు గడిచాక కటకం మసకబారుతుంది. చివరికి కెమేరా పనికిరాదని ఇత్తడి తూకానికి పోతుంది.

దొరకని వస్తువును చేసుకోవచ్చు, చేసుకోవాలి అని నా అభిప్రాయం. ఈ మూతకు కావలసింది పెద్ద విద్య కాదు. వృత్తపరిధి లెక్క తెలిసిన ఏ విద్యార్థి అయినా దీన్ని చేయగలడు.

మూతే తలుపు

కటకం మూత అంటే దుమ్ము పడకుండా పెట్టే డిప్ప మాత్రమే అనుకోకండి. ఒకప్పుడు ఫొటో తీసింది ఆ మూతే!

1839లో ఫ్రాన్సులో డాగురే తన ఫొటో పద్ధతిని లోకానికి వెల్లడించాడు. మరుసటి సంవత్సరం వియన్నాలో గణిత ఆచార్యుడు పెట్జ్‌వాల్, మనుషుల ఫొటోలకు అనువుగా ఎక్కువ వెలుతురును లోపలికి పంపే కటకాన్ని లెక్కకట్టి రూపొందించాడు. 1851లో ఇంగ్లండులో ఆర్చర్, గాజుపలక మీద కొలోడియన్ పూసి తడి ఆరకముందే ఫొటో తీసే పద్ధతిని ప్రకటించాడు. ఆ పలకలకు వెలుతురు సెకన్ల కొద్దీ తగలవలసి వచ్చేది. అందుకని ఫొటోగ్రాఫరు కటకానికి మూత పెట్టి, వెనుక పలకను అమర్చి, ఎదుట కూర్చున్నవారిని కదలవద్దని చెప్పి, మూత తీసి, 'ఒకటి, రెండు, మూడు' అని లెక్కపెట్టి, మళ్ళీ మూత పెట్టేవాడు. అంతే, ఫొటో అయిపోయినట్లే.

ఇందులో చిన్న లెక్క ఉంది. చేతితో మూత తీసి పెట్టడంలో పావు సెకను తేడా వచ్చిందనుకోండి. మొత్తం సమయం 8 సెకన్లయితే ఆ తేడా నూటికి మూడు వంతులే కాబట్టి నష్టం లేదు. అదే మొత్తం సమయం సెకనులో యాభయ్యో వంతయితే? చేతికి అది సాధ్యం కాదు. 1871లో మాడక్స్ జెలటిన్ పొడిపలకను ప్రతిపాదించాడు. ఆ తరువాతి పదేళ్ళలో పలకలు చాలా చురుకైనవయ్యాయి. అప్పుడు మూత చేసే పనిని యంత్రపు షట్టరు చేపట్టింది. మూత కాపలా పనికి పరిమితమైంది.

మన తెలుగు నేల మీద ఆ పెద్ద కెమేరాలతో గొప్ప పని చేసిన వ్యక్తి రాజా దీన్ దయాళ్. 1844లో ఉత్తరదేశంలోని సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫరుగా పేరు పొందాడు. ఆయన స్టూడియో గాజుపలకలు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. నూరేళ్ళు దాటినా ఆ బొమ్మల్లోని మనుషులనూ కట్టడాలనూ మనం నేడు చూడగలుగుతున్నాం. గాజును శ్రద్ధగా దాచుకున్నవారికి దక్కే ఫలం అది.

దేని నుంచి కాపాడాలి?

మొదటి శత్రువు దుమ్ము. మా హనుమాన్ జంక్షన్ సంగతే తీసుకోండి. పాత చెన్నై–కలకత్తా రహదారి ఊరి మధ్యగా పోతుంది. ఇటు నూజివీడు రోడ్డు, అటు గుడివాడ రోడ్డు వచ్చి కలుస్తాయి. రాత్రింబవళ్ళు లారీలు తిరుగుతూనే ఉంటాయి. ఉదయం తుడిచిన బల్ల సాయంత్రానికి మళ్ళీ దుమ్ము పడుతుంది. ఆ దుమ్ములో సన్నని ఇసుక ఉంటుంది. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. మోహ్స్ కొలమానంలో క్వార్ట్జ్ గట్టితనం 7. మామూలు గాజుది సుమారు ఐదున్నర. గట్టిది మెత్తనిదాన్ని గీస్తుందని మీకు తెలుసు. దుమ్ము పడిన కటకాన్ని చొక్కా అంచుతో తుడవడమంటే గాజును ఇసుకతో రుద్దడమే. కాబట్టి దుమ్మును తుడవడం కన్నా పడకుండా చూసుకోవడం మేలు.

రెండో శత్రువు ఎండ. వినడానికి వింతగా ఉందా? లెక్క వేయండి. నాభ్యంతరం 150 మి.మీ. ఉన్న కటకం సూర్యుడి ప్రతిబింబాన్ని సుమారు 1.4 మి.మీ. వెడల్పుతో ఏర్పరుస్తుంది. కటకం వ్యాసం 42 మి.మీ. అనుకుంటే, అది ప్రతిబింబం కన్నా 30 రెట్లు వెడల్పు, వైశాల్యంలో 900 రెట్లు. గాజులో కొంత వెలుతురు పోయినా, మిగిలినదంతా ఆ చిన్న చుక్క మీదే పడుతుంది. భూతద్దంతో కాగితం కాల్చినవారికి వేరే చెప్పాలా? మూత లేని కెమేరాను ఎండకు ఎదురుగా వదిలిపెడితే లోపలి తిత్తికి చిల్లు పడే ప్రమాదం ఉంది.

మూడో శత్రువు బూజు. డెల్టాలో వానాకాలమంతా గాలిలో తేమ నిండి ఉంటుంది. గాజు మీద బూజు సాలెగూటిలా పాకి, ఆమ్లాలు విడిచి, గాజును చెరుపుతుంది. అయితే నిజం చెప్పాలి: మూత ఒక్కటే బూజును ఆపలేదు. తేమతో ఉన్న కటకానికి మూత పెట్టి మూలపడేస్తే బూజుకు ఇల్లు కట్టి ఇచ్చినట్లే. ముందు కటకాన్ని పొడి గాలిలో ఆరనిచ్చి, మూత పెట్టి, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పొడిగా ఉన్న సిలికాజెల్ సంచులతో పాటు ఉంచాలి. దుమ్ము సంగతి మూత చూసుకుంటుంది, తేమ సంగతి సిలికాజెల్ చూసుకుంటుంది.

కొలత, తయారీ

పాత కటకాలు చేసిన ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. ఇనుప సామాన్ల దుకాణంలో పి.వి.సి. గొట్టాల ఎండ్ క్యాపులు 63, 75, 90 మి.మీ. గొట్టాలకు సరిపోయేవి దొరుకుతాయి. అవి ప్రయాణంలో అక్కరకు వస్తాయి. కానీ నీళ్ళ గొట్టాల కొలతలు చూసుకొని ఆ కటకాన్ని ఎవరూ చేయలేదు కదా! 64 మి.మీ. గొట్టానికి 63 ఎక్కదు, 75 నిలవదు. అందుకే సొంత కొలత కావాలి.

స్కేలును కటకం ముఖానికి ఆనించి వ్యాసం కొలవకండి. గాజుకు గీత పడుతుంది, కొలతా తప్పుతుంది. సన్నని కాగితపు పట్టీని గొట్టం చుట్టూ బిగుతుగా తిప్పండి. రెండు పొరలు కలిసిన చోట గుండుసూదితో నెమ్మదిగా పొడవండి. విప్పి రెండు చిల్లుల మధ్య దూరం కొలవండి. అదే పరిధి. మూడుసార్లు కొలిచి సగటు తీయండి. పరిధి 201 మి.మీ. వస్తే, 201 ÷ 3.14 = 64 మి.మీ. వ్యాసం. ఈ పద్ధతిలో ఒక సుగుణం ఉంది. పరిధిలో 1 మి.మీ. పొరపాటు వచ్చినా వ్యాసంలో అది 0.3 మి.మీ. మాత్రమే అవుతుంది.

మూత లోపల 1 మి.మీ. మందం ముఖమల్ గుడ్డ అంటిస్తాం. రెండు వైపులా కలిసి 2 మి.మీ. కాబట్టి కాగితపు వలయం లోపలి వ్యాసం 66 మి.మీ. ఉండాలి. గోడ మందం 2 మి.మీ. చాలు. మీ ల్యాబులోని స్క్రూ గేజితో చార్టు కాగితం మందం చూడండి. 0.25 మి.మీ. అయితే 8 చుట్లు కావాలి. గోడ సగటు వ్యాసం 68 మి.మీ.; ఒక్కో చుట్టుకు సుమారు 213.5 మి.మీ.; ఎనిమిదింటికి 171 సెం.మీ. పట్టీ పడుతుంది. ఒకే ముక్క దొరకకపోతే అంచులు ఆనించి అతకండి. పట్టీ వెడల్పు వ్యాసంలో మూడో వంతు, అంటే సుమారు 22 మి.మీ. ఉంటే మూత ఒరిగిపోదు.

పట్టీని కటకం గొట్టం మీద చుట్టవద్దు. కాగితం చుట్టి 66 మి.మీ.కు తెచ్చిన సీసా మీద తెల్లజిగురుతో చుట్టండి. ఆరాక, 70 మి.మీ. వ్యాసమున్న గట్టి అట్టబిళ్ళను పైన అంటించి, లోపల నల్లసిరా పూసి, గోడకు నల్ల ముఖమల్ అతికించండి. ముఖమల్ వల్ల రెండు లాభాలు. దాని నూగు వెలుతురును మింగుతుంది. మూత తీసేటప్పుడు గాలి ఆ నూగు మధ్య నుంచి లోపలికి వెళ్ళి, మూత పీల్చుకొని అంటుకుపోకుండా చేస్తుంది. రెండు రోజులు బాగా ఆరనిచ్చాకే కటకానికి పెట్టండి. బయటి వైపు సింధూరం రంగు వేస్తే కింద పడినా కనిపిస్తుంది. ఒక నాడాతో స్టాండుకు కట్టేస్తే ఎక్కడికీ పోదు.

ఇక పరీక్ష. 64 మి.మీ. లావున్న సీసాకు మూత పెట్టి తలకిందులు చేయండి, పడకూడదు. రెండు వేళ్ళతో లాగండి. సీసా కదలకుండా రావాలి. ఊడిపోనంత బిగుతు, కుదుపు లేనంత వదులు – ఈ రెండూ ఒకేచోట కుదరడమే పనితనం. ఏటికొప్పాకలో లేతు మీద తిప్పి చేసే కుంకుమభరిణె మూత పెట్టి చూడండి. ఆ కుదురు ఎలాంటిదో చేతికి తెలుస్తుంది.

కొన్ని వస్తువులు వాడవద్దు. మైదా జిగురు బూజుకూ పురుగులకూ ఆహారం. సైకిలు ట్యూబు ముక్క వేసవిలో జిగటగా అంటుకుంటుంది, దానిలోని గంధకం ఇత్తడిని నల్లబరుస్తుంది. పాలిథీన్ సంచి కప్పి రబ్బరుబ్యాండు వేస్తే లోపలి తేమ బయటికి పోదు.

మన బడి మాటేమిటి?

'ఫోన్ల కాలంలో ఈ పాత కెమేరా మూత ఎవరికి కావాలి?' అని మీలో కొందరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. కానీ కటకాలు పాత కెమేరాలకే లేవు. మీ బడి మైక్రోస్కోపుకు ఉన్నాయి, దూరదర్శినికి ఉన్నాయి, ప్రొజెక్టరుకు ఉన్నాయి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో స్థాపించిన నిజామియా వేధశాలలో, 8 అంగుళాల కటకమున్న దూరదర్శినితో గాజుపలకల మీద లక్షలాది నక్షత్రాలను ఫొటోలు తీశారు. అంతటి కటకమైనా, మీ బడి బీరువాలోని చిన్న కటకమైనా, దుమ్ముకూ బూజుకూ ఒకటే.

ఒక వస్తువులో చిన్న భాగం పోతే మొత్తం వస్తువును పారేయడం ఇప్పుడు మనకు అలవాటవుతోంది. ఈ అలవాటు సైన్సుకు శత్రువు. దుకాణంలో ఉన్నదే వస్తువు, లేనిది లేదు అనుకొనేవాడికి స్క్రూ గేజి పరీక్షలో మార్కుల కోసమే. పోయిన భాగాన్ని కొలిచి చేసుకొనేవాడికి అదే స్క్రూ గేజి పనిముట్టు. పరిధిని 3.14తో భాగించడం పుస్తకంలో ఎన్నిసార్లు చేసినా రాని నమ్మకం, ఒక్క మూత సరిగ్గా కుదిరినప్పుడు వస్తుంది.

కాబట్టి ఈ నెల మీ మాస్టారి అనుమతితో ల్యాబు బీరువా తెరవండి. మూత లేని కటకాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఒక్కొక్కరు ఒక్కో దానికి కొలత తీసుకొని మూత చేయండి. మీ వీధిలో పాత కెమేరా ఉన్న పెద్దలెవరైనా ఉంటే, దానికీ ఒక మూత చేసి ఇవ్వండి. ఆ కటకంలో ఇంకా ఎన్ని ఫొటోలు మిగిలి ఉన్నాయో ఎవరికి తెలుసు!