మందు కొట్టని మందారం

వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో పొద్దున్నే బాల్కనీలో పువ్వు కోసుకుని టీ పెట్టుకోవాలి. ఎర్ర రేక మందారం కొన్నప్పుడు నా ప్లాన్ అదొక్కటే. మొదటి పువ్వు విచ్చగానే అమ్మకి వీడియో కాల్ చేశా.

"ఆగరా, నర్సరీ నుంచి తెచ్చి వారం కాలేదు. వాళ్లేం మందు కొట్టారో ఏంటో. దేవుడికి పెట్టు, నోట్లో పెట్టకు" అంది.

కరెక్టే. చూడ్డానికి అమ్మే మొక్కని ఎవరైనా తింటారని ఎవరూ అనుకోరు కదా. పైగా కొన్ని మందులు వేళ్ల నుంచి పువ్వు దాకా పాకుతాయి, కడిగినా పోవు.

అందుకే పోయిన వానాకాలం ఊళ్లో మా పెరట్లోని పాత మందారం నుంచి మూడు కొమ్మలు తెచ్చా. పెన్సిల్ మందం, జానెడు పొడవు. కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చాలి. రోజూ తెగ నీళ్లు పోసి రెండింటిని నేనే కుళ్లబెట్టా. మూడోది బతికింది.

ఎండాకాలంలో దానికి పిండినల్లి పట్టింది. మొగ్గల మీద తెల్లగా దూదిలా ఉంటుంది చూడండి, అదే. చీమలు బారులు కట్టాయంటే అనుమానించాల్సిందే. షాపతను ఓ సీసా ఇచ్చి "రెండ్రోజుల్లో క్లీన్" అన్నాడు. నిజంగా టెంప్ట్ అయ్యా, ఉన్నది ఒక్క మొక్క! కానీ అది కొడితే ఇక టీ లేనట్టే. పట్టిన కొమ్మలు కత్తిరించి, రోజూ పైపుతో నీళ్లు గట్టిగా కొట్టా. వారానికోసారి సాయంత్రం లీటరు నీళ్లలో 5 ఎం.ఎల్. వేపనూనె, రెండు చుక్కల లిక్విడ్ సోప్ కలిపి స్ప్రే చేశా. మొగ్గలన్నీ పోయాయి. నెల పట్టింది బాస్, ఇంత స్లో బగ్ ఫిక్స్ ఆఫీసులో కూడా చేయలేదు!

ఇప్పుడు పూస్తోంది. నాలుగు పూలు కడిగి, పచ్చ తొడిమ, పుప్పొడి కాడ తీసేసి, రేకుల మీద వేడినీళ్లు పోస్తే రంగు ఊదాగా దిగుతుంది. నిమ్మరసం పిండగానే ఎర్రగా మారిపోతుంది. కెఫేల్లో అమ్మే హైబిస్కస్ టీ అంత పుల్లగా ఉండదు. అది ఎక్కువగా మన ఎర్ర గోంగూర కాయల మీది రేకులతో చేసేది. గర్భిణులు, ప్రెగ్నెన్సీ ప్లాన్ చేస్తున్నవాళ్లు మాత్రం ఇది తాగొద్దు. బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడగండి.

నిన్న కప్పు ఫొటో అమ్మకి పంపా. "దేవుడికి ఒక్కటైనా ఉంచావా?" అని రిప్లై.