సంసార సాగరం సరే, అసలు సాగరం మాటేమిటి?

మన భాషలో ఆడవాళ్ళకు పోసినన్ని నీళ్ళు ఇంకెవరికీ పోసి ఉండరు. సంసారం సాగరం. దాన్ని ఈదేది ఇల్లాలు. మగడు పోయినా, మగడుండీ లేనట్టే అయినా, పిల్లల్ని ఒక ఒడ్డుకు చేర్చిన తల్లిని "ఒంటి చేత్తో ఈదుకొచ్చింది మహాతల్లి" అని మెచ్చుకుంటారు. ఇంటికి చుక్కాని ఆమే. కష్టం వస్తే గట్టెక్కించేదీ ఆమే. ఏదైనా తేడా వస్తే సంసారాన్ని నట్టేట ముంచింది కూడా ఆమేననుకోండి! మాటల్లో ఇన్ని నీళ్ళు ధారపోసిన పెద్దలే, ఎనిమిదేళ్ళ పిల్ల చెరువుగట్టు వైపు రెండడుగులు వేస్తే చాలు, "ఏమ్మే, నీళ్ళ కాడికి పోబాక!" అని వీధి అదిరేట్టు కేకలేస్తారు.

ఈ న్యాయం నాకు ఎంత ఆలోచించినా బోధపడదు. ఈత రానివాళ్ళు సాగరాన్ని ఎట్లా ఈదుతారండీ? పడవ ఎక్కనివ్వని మనిషికి చుక్కాని బిరుదెందుకు? ఆడపిల్లకు ఈత నేర్పాలి, పడవ నేర్పాలి, అదీ ఎవరి సాయం లేకుండా ఒంటి చేత్తో నడుపుకునే తెరచాప పడవ నేర్పాలి అంటాను నేను. ఈ మాట విశాఖపట్నంలో అంటే తలూపి ఊరుకుంటారు. నేను చెబుతున్నది ఉదయగిరి, ఆత్మకూరు పిల్లల సంగతి. కొండలూ, మెట్ట చేలూ, మాడ్చేసే ఎండలూ తప్ప అలల చప్పుడు వినపడని నెల్లూరు జిల్లా పడమటి దిక్కు సంగతి.

"ఏందమ్మా, తాగేదానికే నీళ్ళు చాలక బిందెలు పట్టుకోని నిలబడతా ఉంటే పడవలంట, పడవలు!" అని కదూ మీరు అనబోతున్నారు? న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పకుండా తప్పించుకోను. కాకపోతే ముందు ఒక పడవను చూపించాలి.

ట్రైమరాన్ అని మూడు దోనెల పడవ ఒకటుంది. నడుమ మనిషి కూర్చునే పెద్ద దోనె, అటొకటి ఇటొకటి సన్నటి పక్క దోనెలు, వాటిని కలుపుతూ చేతుల్లాంటి అడ్డదూలాలు. ఒప్పులకుప్ప ఆడబోయే పిల్ల రెండు చేతులూ బారచాపి నిలబడ్డట్టు ఉంటుంది. మామూలు తెరచాప పడవకు గాలికి ఒరిగిపోకుండా అడుగున సీసమో ఇనుమో బరువు కడతారు. దీనికి ఆ బరువక్కర్లేదు. చాపిన చేతులే దాని నిలకడ. బరువు లేదు కనక తేలిక, తేలిక కనక వేగం. మంచి గాలి దొరికితే గంటకు 35 కిలోమీటర్లు దాటి పరుగెత్తే రకాలున్నాయి, పెట్రోలు చుక్క ఖర్చు లేకుండా.

మరి చేతులు బారచాపిన పడవ రోడ్డు మీద పట్టేదెట్లా? న్యూజీలాండులో పుట్టిన ఇయాన్ ఫారియర్ అనే ఆయన 1970లలో ఆస్ట్రేలియాలో దీనికి ఉపాయం కనిపెట్టాడు. నాలుగు బోల్టులు విప్పితే పక్క దోనెలు రెండూ రెక్కలు ముడిచిన కొంగ మాదిరి నడిమి దోనెను ఆనుకుని సర్దుకుంటాయి. 1985లో వచ్చిన ఆయన ఎఫ్-27 పడవ నీళ్ళ మీద 19 అడుగుల వెడల్పు, ముడిస్తే ఎనిమిదిన్నర అడుగులు. మన ఆర్టీసీ బస్సంత వెడల్పన్నమాట. తెరచాప కొయ్యను పడుకోబెట్టి, చక్రాల బండి మీదికెక్కించి, కారు వెనక తగిలించుకుని పోవటమే. దానికి రేవు అక్కర్లేదు, పెరడు చాలు. పడవ ఉన్న చోటికి నీళ్ళు రానక్కర్లేదు, నీళ్ళున్న చోటికి పడవే పోతుంది.

ఇదేదో దొరల వేషం అనుకుంటారేమో, ఆ పేరులో సగం మన వైపుదే. దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగించిన తెప్పను తమిళులు కట్టుమరం అన్నారు. అందులో 'కట్టు' మనకీ కట్టే, 'మరం' అంటే మాను. దాన్నే ఇంగ్లీషువాళ్ళు కాటమరాన్ చేసుకున్నారు. ఆ తోకకు 'ట్రై' తగిలిస్తే ట్రైమరాన్. అట్లాంటి తెప్పల మీదే మన కోస్తా జాలర్లు తరతరాలుగా సముద్రంలోకి పోయారు. పేరు ఇక్కణ్ణుంచి ఎత్తుకుపోయిన వాళ్ళ ఆడపిల్లలు ప్రపంచం చుట్టి వస్తుంటే, పేరు పెట్టిన తీరంలో మనం గట్టున నిలబడి చీర అంచు తడుస్తుందని వెనక్కి జరుగుతున్నాం.

"ఆడవాళ్ళకు అంత బలం ఎక్కడిది?" అని మొదటి ఆక్షేపణ. గిలక లేని బావిలోంచి పెద్ద బిందె చేదేటప్పుడు ఎవరూ ఈ ప్రశ్న అడిగినట్టు నేను వినలేదు. పడవలో తెరచాప మోకులు లాగటానికి గిలకలూ, పిడి తిప్పితే చుట్టుకునే చక్రాలూ ఉంటాయి. చేతిలో బలం కొంచెమున్నా అవి దాన్ని ఎన్నో రెట్లు చేస్తాయి. కావలసింది కండ కాదు, కన్నూ ఒడుపూ. ఉదయగిరిలో అడవి కొయ్యను చెక్కి పువ్వుల్లాంటి స్పూన్లూ ఫోర్కులూ తీసే ఆడవాళ్ళ వేళ్ళకు ఒడుపు లేదంటారా?

ఎలెన్ మెకార్థర్ అనే ఇంగ్లీషు అమ్మాయి ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. పుట్టింది డర్బీషైర్‌లో. సముద్రం అంచు తగలని జిల్లా అది, మన ఉదయగిరిలాగే. బడిలో మధ్యాహ్నం భోజనానికిచ్చిన డబ్బులు దాచి మొదటి పడవ కొనుక్కుంది. 2005 ఫిబ్రవరిలో 75 అడుగుల ట్రైమరాన్ మీద, తోడు పురుగన్నది లేకుండా, ఎక్కడా ఆగకుండా భూగోళాన్ని 71 రోజుల 14 గంటల్లో చుట్టి వచ్చింది. ఆనాటికి ఒంటరిగా చుట్టినవాళ్ళలో, ఆడా మగా అందరిలోనూ, ఆమెదే రికార్డు. 2008లో ఒక మగాయన దాన్ని దాటాడు. దాటితే దాటనివ్వండి. మూడేళ్ళు ఆయన దాటాల్సిన గీత ఆ అయిదడుగుల పిల్ల గీసింది.

రెండో ఆక్షేపణ అసలైనది. బలం, ఖర్చు, ప్రమాదం అన్నీ దాని ముందు సాకులే. "ఒక్కతేనా?" అన్నదే ఆ ఆక్షేపణ. ఆడపిల్ల పడవెక్కటం కూడా అంత అభ్యంతరం కాదు. అన్న నడిపే పడవలో, మగడు నడిపే పడవలో గొడుగు పట్టుకుని ముచ్చటగా కూర్చుంటే ఫొటో తీసి గోడకు తగిలిస్తారు. చుక్కాని ఆమె చేతికి వచ్చి, పడవలో ఇంకెవరూ లేకపోతేనే గుండెలు ఝల్లుమంటాయి. ఎందుకంటే అక్కడ అడిగేందుకు ఎవరూ లేరు. గాలి ఎటు మళ్ళిందో ఆమే చూడాలి, తెరచాప ఎంత దించాలో ఆమే నిర్ణయించాలి. తప్పయితే తనే దిద్దుకోవాలి. "నలుగురూ ఏమనుకుంటారో" అందామంటే కనుచూపు మేరలో ఆ నలుగురూ లేరు! నిర్ణయం చెయ్యటం ఒక్కసారి అలవాటైన పిల్ల, గట్టుకొచ్చాక కూడా దాన్ని మానుకోదేమోనన్నదే అసలు భయం.

ఒంటరిగా పడవ నడిపేవాళ్ళు రాత్రిళ్ళు ఒక్కసారిగా నిద్రపోరు. ఇరవై నిమిషాలు కునుకు తీసి, లేచి, చుట్టూ చూసి, మళ్ళీ కునుకుతారు. ఇదేదో అసాధ్యమైన తపస్సని మగవాళ్ళు ఆశ్చర్యపోతారు. చంటిపిల్లతో మూడు నెలలు గడిపిన ఏ తల్లినైనా అడగండి, నవ్వేస్తుంది.

"మన తెలుగు పిల్లల వల్ల అవుతుందా?" అని సందేహమా? 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ అధికారిణులు 'తారిణి' అనే తెరచాప పడవలో బయల్దేరారు. తుఫానులు తిని, కేప్ హార్న్ దాటి, భూమిని చుట్టి, 2018 మే 21న తిరిగొచ్చారు. 254 రోజులు. ఆ ఆరుగురిలో పాతర్లపల్లి స్వాతిది విశాఖపట్నం, బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాదు. ఆ పడవ మీదే 2024 అక్టోబరులో దిల్నా, రూప అనే ఇద్దరే అధికారిణులు బయల్దేరి, 2025 మే నెలలో భూమి చుట్టి వచ్చారు. ముందు ఆరుగురు, తర్వాత ఇద్దరు. ఆ తర్వాత అంకె ఎంతో లెక్క మీరే చెప్పండి.

ఇక మీ మొదటి ప్రశ్నకు వస్తాను. నీళ్ళు. ఉదయగిరి దిక్కున నీటి కరువు నిజమే. ఆ కరువును బిందెల్లెక్కన మోసేదీ ఆడవాళ్ళే. కానీ తెరచాప పడవ నీళ్ళు తాగదు, ఒలకబొయ్యదు, నూనె కక్కి మురికి చెయ్యదు. పైరుకూ పంపుకూ పోవలసిన చుక్క ఒక్కటి కూడా తగ్గదు. ఆత్మకూరు నుంచి పూట పట్టని దూరంలో, పెన్న మీద సోమశిల ఉంది. నిండితే 78 టీఎంసీలు. ఉదయగిరి పక్కనే గండిపాలెం రిజర్వాయరుంది. పడవ నేర్చుకోవటానికి సముద్రమే ఉండాలంటారా? భోపాల్‌కు సముద్రం ఏదీ? అక్కడి పెద్ద చెరువు మీదే జాతీయ సెయిలింగ్ స్కూలు నడుస్తోంది. హైదరాబాదుకు సముద్రం ఏదీ? 2009లో మొదలైన అక్కడి యాట్ క్లబ్బు పేదింటి పిల్లల్ని పిలిచి హుసేన్ సాగర్ మీద పడవ నేర్పింది. అక్కడ నేర్చుకున్న కొంగర ప్రీతి 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల దాకా పోయింది. హుసేన్ సాగర్‌లో పుట్టే నావికురాలు సోమశిలలో పుట్టకూడదని ఎక్కడ రాసుంది?

ప్రమాదం లేదని నేననను. ట్రైమరాన్ బోర్లా పడితే మళ్ళీ తనంతట లేవటం కష్టం. కాకపోతే మునగదు, తేలుతూనే ఉంటుంది. అందుకే ఒంటరిగా నడిపేవాళ్ళు లైఫ్ జాకెట్ విప్పరు, ఒంటికీ పడవకూ తాడు తగిలించుకుంటారు. తెరచాప తగ్గించాలేమో అని మనసుకు తోచిన క్షణమే తగ్గించాలన్నది వాళ్ళ మొదటి సూత్రం. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాకనా మనం మంట తగ్గించేది? డ్యాము గేట్ల దిక్కుకు పోకూడదు, అనుమతి ఇచ్చిన చోటు దాటకూడదు, కాపలా పడవ ఉండాలి. ఇవన్నీ నేర్పితేనే వస్తాయి. "పోబాక" అంటే రావు.

పోబాక అన్నంత మాత్రాన నీళ్ళు ఊరుకుంటాయా? 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. కడప జిల్లాలో ఇళ్ళకిళ్ళు కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు. పెన్న పొంగి నెల్లూరు జిల్లాలో ఊళ్ళలోకి వచ్చింది. ఆ నీళ్ళు గుమ్మంలో నిలబడి, "అమ్మాయికి ఈత వచ్చునా, రేపు రమ్మంటారా?" అని అడగలేదు. మనం నీళ్ళ దగ్గరికి పోకపోతే నీళ్ళే మన దగ్గరికి వస్తాయి. ఆ రోజు చెరువుగట్టు మీది కేక పిల్లను కాపాడదు. వచ్చిన ఈతా, కుదుటపడిన గుండే కాపాడతాయి.

ఆఖరుది డబ్బు. ముడిచే ట్రైమరాన్ కొత్తది కొనాలంటే ఒక ఇల్లు కట్టినంత ఖర్చు. అది కొనిపెట్టమని ఎవర్నీ అడగటం లేదు. ఆప్టిమిస్ట్ అని ఒకరే కూర్చునే పిల్లల పడవ ఉంది. ఎనిమిదడుగుల లోపు పొడవు, దోనె బరువు 35 కిలోలు. ఇద్దరు పిల్లలు చెరో పక్క పట్టి మోసుకుపోవచ్చు. ఒలింపిక్స్‌కు పోయే ఎంతోమంది మొదట ఎక్కింది దాన్నే. అట్లాంటివి ఓ నాలుగు, ఒక గురువు, పిల్లలందరికీ లైఫ్ జాకెట్లు, దానికి ముందు ఒక వేసవి ఈత. జిల్లా అధికారులూ, బళ్ళూ, తల్లిదండ్రులూ కలిస్తే మించిన భారమా ఇది? పిల్ల పెద్దమనిషైందని అయిదొందల మందికి ఆకులేసి, దాన్ని బొమ్మలా కుర్చీలో కూర్చోబెట్టి, మర్నాటి నుంచి గడప దాటొద్దనటానికి మనం అప్పులు చెయ్యటం లేదూ? ఆ ఖర్చులో ఒక పాలు ఆ పిల్ల గడప దాటటానికి పెట్టమంటున్నాను.

కాబట్టి తల్లులారా, ఈసారి పిల్ల చెరువు వైపు నడిస్తే కేక వెయ్యకండి. వెంట నడవండి. ఈత నేర్పే మనిషిని వెతకండి, నేర్పమని బడివాళ్ళను నిలదియ్యండి. మీకూ రాదా, మీరూ దిగండి, తప్పేముంది? అది కూడా చేతకాదంటారా, అయితే దయచేసి ఇంకో మేలు చెయ్యండి. సంసార సాగరమనీ, ఒంటి చేత్తో ఈదిందనీ, ఇంటికి చుక్కాని అనీ ఆడవాళ్ళను పొగడటం రేపటి నుంచి మానెయ్యండి. గట్టు మీద కట్టేసిన మనిషికి సముద్రం బిరుదివ్వటం పొగడ్త కాదు, ఎగతాళి.