చుట్టాలొస్తే ఇల్లు చాలదంటారా?

ఈసారి పురుగుమందుల గురించీ ధాన్యం రేటు గురించీ కాదు, ఇంటి సంగతి రాస్తున్నా. సంక్రాంతి దగ్గరకొచ్చింది కదా, ఇప్పుడే చెప్పాలి.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. రెండేళ్ల కిందట మా చెల్లెలు కనుమ పొద్దున్నే పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది. "ఆయనకి డ్యూటీ ఉందన్నయ్యా" అంది. పండగ పూట డ్యూటీ ఏంటో నాకు అర్థం కాలా. ఆటో ఎక్కించి వచ్చి అరగంట వరండాలో అట్లాగే కూర్చున్నా. ఏం తక్కువ చేశామని మనసులో ఒకటే పోరు.

ఎందుకంటే ఆ ఏడు చుట్టాలకి బాగుండాలని వాయిదాల మీద సోఫా సెట్టు కొన్నా. మాది రెండు గదుల ఇల్లు, వెనక వంటిల్లు, ముందు చిన్న వరండా. ముందు గది పది అడుగులకి పన్నెండు. చాపలు, బొంతలు పరిస్తే అందులో ఆరుగురు కాళ్లు చాపుకుని పడుకునేవాళ్లం. సోఫా, టీపాయి వచ్చాక నడవటానికి దారి మిగిలింది, అంతే. బావగారు పొడుగాటి మనిషి, సోఫాలో పడుకుంటే మోకాళ్ల దగ్గర్నుంచి బయటే. అందుకే వెళ్లిపోయారేమో అనుకున్నా.

అసలు సంగతి అది కాదు. తర్వాతి సంక్రాంతికి ముందు మా ఆవిడ చెప్పింది. మా బాత్రూం తలుపుకి గడియ పడదు. మాకు అలవాటే, లోపల బకెట్టు అడ్డం పెట్టుకుంటాం, ఎవరన్నా వస్తే దగ్గుతాం. మా మేనకోడలు ఇంటర్ చదివే పిల్ల. ఆ పిల్ల స్నానానికి వెళ్లినప్పుడల్లా వాళ్లమ్మ బయట కాపలా. దానికితోడు ఆ పిల్లకి ఇబ్బంది రోజులు కూడా అప్పుడే వచ్చాయంట. ఇంటినిండా మగాళ్లు, ఎవర్ని అడుగుద్ది? నా తోడబుట్టింది నాతో చెప్పలేక డ్యూటీ మీద పెట్టింది.

సోఫాకి వేలు పోసినోణ్ణి. గడియ, లోపల బల్బు, బట్టలు తగిలించుకోటానికి కొక్కెం, మూతున్న బకెట్టు, అన్నీ కలిపి ఐదొందలు కాలా.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మన ఊళ్లలో ఇప్పుడు ఒక మాట ఎక్కువైంది. "ఇల్లు చిన్నదండీ, చుట్టాల్ని ఎట్లా పిలుస్తాం" అని. కొందరు పిలవటం మానేశారు, కొందరు అప్పు చేసి గది కడుతున్నారు. నాకు తెలిసిన ఒకాయన మూడు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి చుట్టాల గది వేశాడు. నెలకి ఆరు వేలు, ఏడాదికి 72 వేలు వడ్డీకే పోతోంది. రెండెకరాల వరి మీద ఖర్చులు పోను అంత మిగిలితే మనకి పండగే. చుట్టాలు ఏడాదికి పది రోజులుంటారేమో. ఇప్పుడు ఆ గదిలో యూరియా బస్తాలు, స్ప్రేయరు ఉన్నాయి. ఆయన్ని ఎగతాళి చెయ్యట్లేదు, నేను సోఫా కొన్నది కూడా ఆ బుద్ధితోనేగా.

పోయిన సంక్రాంతికి చెల్లెలు రాలా. మా ఆవిడ అన్నయ్య వాళ్లు ఎనిమిది మంది వచ్చారు. అప్పటికి ధాన్యం అమ్మలా, ఇంట్లో బస్తాలు. సోఫా అప్పటికే అయినకాడికి తీసేశా. 75 కిలోల బస్తాలు గోడవారన రెండు వరసలు పేర్చి పైన బొంత పరిస్తే సోఫా కంటే గట్టిగా ఉంది, పైగా దానికి వాయిదాలు కట్టక్కర్లేదు. పొలంలో ధాన్యం మీద కప్పే పట్టానే వరండాకి అడ్డంగా కట్టా. జనవరి మంచు లోపలికి రాలా, మగాళ్లం నలుగురం నులక మంచాల మీద అక్కడే పడుకున్నాం. ఆడవాళ్లకీ పిల్లలకీ లోపలి గదులు వదిలేశాం. ఫోన్ల ఛార్జింగ్ కోసం పిల్లలు కొట్టుకోకుండా నాలుగు ప్లగ్గుల బాక్సొకటి తెచ్చా. ఈ కాలంలో కాళ్లకి నీళ్లివ్వటం కంటే ముందు అదే అడుగుతున్నారు.

కుర్చీలు లేకపోతే చిన్నచూపు చూస్తారంటారా? పెళ్లిచూపులకైతే నిజమే. ఆ ఒక్క పూటకి షామియానా వాళ్ల దగ్గర కుర్చీలు అద్దెకి తెచ్చుకోండి, సాయంత్రం ఇచ్చేయొచ్చు.

ఇంకొకటి మగాళ్లకి చెప్పాలి. "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం" అని ఒక సామెత ఉంది. అది కట్టినోడు ఇరుకు వంటింట్లో పదిమందికి ఒక్క పూటైనా వండి ఉండడు. మనం వరండాలో కబుర్లు చెప్తాం, ఆవిడ లోపల చెమటలు కక్కుద్ది. ముఖం చిట్లించిందని అప్పుడు మనకి కోపం. నేనైతే పోయినేడు పొయ్యి పెరట్లోకి మార్చా. నీళ్లు తోడటం, కూరగాయలు తరగటం, గిన్నెలు కడగటం మా బావమరిదీ నేనూ చేశాం. మా అత్తగారు మొదట ఒప్పుకోలా. మూడో రోజుకి ఆవిడే "అల్లుడుగారూ, ఆ గుండిగ కూడా తోమండి" అంది.

మా నాయన కాలంలో వీధిలో ప్రతి ఇంటికీ అరుగుండేది. ఇళ్లు ఇప్పటికంటే చిన్నవే, అయినా వచ్చినోళ్లు సగం మంది అరుగుల మీదే సర్దుకునేవాళ్లు. ఇప్పుడు అరుగు పగలగొట్టి బండి ఎక్కటానికి ర్యాంపు పోస్తున్నాం. కాలనీల్లో సెంటున్నర స్థలం, అంటే 72 గజాలు, అందులో కట్టుకునే తమ్ముళ్లకి నా మాట: ముందున్న జాగా అంతా ర్యాంపుకీ మెట్లకీ ఇవ్వొద్దు. మన స్థలంలోనే, రోడ్డు మీదకి కాదు, మనిషి నడుం వాల్చేంత అరుగు ఒకటి వదలండి. గది కట్టేంత ఖర్చు కాదు.

మొన్న చెల్లెలికి ఫోన్ చేశా. గడియ సంగతి నోటితో ఎట్లా చెప్తాం, "బాత్రూం బాగు చేయించానమ్మా" అన్నా. కాసేపు మాట్లాడలా. తర్వాత "భోగికి ముందు రోజే వస్తాం అన్నయ్యా" అంది. ఒక మంచం నులక వదులైంది, రేపు పొద్దున బిగించాలి.