తర్వాత మార్చలేనిదానికే డబ్బు పెట్టండి

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని మా సర్వీస్ షాపుకు రిపేర్ల కన్నా సలహాల కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. మొన్న సూర్యాపేట నుంచి ఒకాయన ఫోన్‌లో రెండు ఫొటోలు పట్టుకొచ్చాడు. ఒకటి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో చూసొచ్చిన రీఫర్బిష్డ్ మెషిన్, రెండోది సీల్ విప్పని కొత్త డబ్బా. "అన్నా, బిడ్డకు సీఎస్‌ఈల సీటొచ్చింది. ముప్పై అయిదు వేలు జమచేసిన. పాతది ఐ7 తీసుకోమంటవా, కొత్తది ఐ3 తీసుకోమంటవా?" అని అడిగాడు.

ఎవరడిగినా నేను చెప్పే సూత్రం ఒకటే. లాప్‌టాప్‌లో కొన్ని తర్వాత మార్చుకోవచ్చు, కొన్ని మార్చుకోలేం. బ్యాటరీ మార్చుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు. స్లాట్ ఉంటే ర్యామ్ పెంచుకోవచ్చు. బోర్డు మీద అతికిన ప్రాసెసర్‌ను మార్చలేం. నాసిరకం బాడీని బాగు చేయలేం. మన డబ్బు మార్చలేని వాటి మీదికి పోవాలి. ఆ లెక్కన నలభై వేల లోపు బడ్జెట్ ఉన్న ఇంజినీరింగ్ విద్యార్థికి, ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ లేదా ఆ తర్వాతి పాత బిజినెస్ లాప్‌టాప్‌కే నా ఓటు.

బిజినెస్ లాప్‌టాప్ అంటే కంపెనీలు తమ ఉద్యోగుల కోసం పెద్ద మొత్తంలో కొనే రకం. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో మూడు నాలుగేళ్లు వాడాక వాటిని లాట్ల కింద అమ్మేస్తారు. థింక్‌ప్యాడ్ టీ480, లాటిట్యూడ్ 7490, ఎలైట్‌బుక్ 840 జీ5 ఇలా మార్కెట్లోకి వచ్చినవే. మూడూ 2018 నాటివి. టీ480లో ర్యామ్‌కు రెండు స్లాట్లు, బ్యాటరీలు కూడా రెండు. ఒకటి లోపల ఉంటుంది, రెండోదాన్ని అడుగు నుంచి చేత్తోనే లాగేయవచ్చు. ఒకే మోడల్ వేల సంఖ్యలో అమ్ముడవడం వల్ల కీబోర్డు, స్క్రీన్, హింజ్ ఏది పోయినా విడిభాగం దొరుకుతుంది.

చవక కొత్త మెషిన్ ఎక్కడ చస్తుందో మా బల్ల మీద చూడాలి. స్క్రీన్‌ను బాడీకి పట్టి ఉంచే హింజ్ స్క్రూలు ఇత్తడి నట్లలోకి దిగుతాయి. ఆ నట్లను ప్లాస్టిక్ బొడిపెల్లో వేడి చేసి గుచ్చుతారు. హింజ్ కొంచెం బిగుసుకుందనుకోండి, మూత తెరిచిన ప్రతిసారీ ఆ లాగుడంతా ప్లాస్టిక్ మీద పడుతుంది. ఒకరోజు నట్టు ఊడొస్తుంది, మూల పగులుతుంది, స్క్రీన్ కేబుల్ నలుగుతుంది. ప్రాసెసర్ కొత్తదే, బోర్డు బాగానే ఉంది, అయినా మెషిన్ మూత పడదు. మేము ఎపాక్సీ పెట్టి అతికిస్తాం, అది ఎన్నాళ్లుంటుందో గ్యారంటీ ఇవ్వలేం. వారంటీకి పంపితే ఫిజికల్ డ్యామేజ్ అని తిరిగొచ్చిన కేసులు చూశాను. పైన పటారం, లోన లొటారం.

పాతదంటే ఏ పాతదైనా సరేనని కాదు. ఇక్కడే ఐ7 అన్న పేరు జనాన్ని ముంచుతోంది. 2016లో వచ్చిన ఐ7-7500యూలో ఉన్నవి రెండే కోర్లు. ఏడాది తర్వాత వచ్చిన ఐ5-8250యూలో నాలుగు. పైగా విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా నడుస్తుంది, ఏడో జనరేషన్‌లో కొన్ని మినహాయింపులు తప్ప. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆరు, ఏడు జనరేషన్ల మెషిన్లలో దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి "చూడండి, నడుస్తుంది కదా" అని అమ్మేవాళ్లున్నారు. నడుస్తుంది నిజమే. రేపు అప్‌డేట్ ఆగిపోతే అడగడానికి ఎవరూ ఉండరు. కాబట్టి ఏడు అంటే వద్దు, ఎనిమిది నుంచి మాట్లాడండి.

పేర్ల మాయ కొత్తవాటిలోనూ ఉంది. రైజెన్ 3 7320యూ అన్న పేరు చూస్తే 7000 సిరీస్, సరికొత్తది అనిపిస్తుంది. లోపలున్నది 2019 నాటి జెన్ 2 డిజైన్. దానితో వచ్చే ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. 8 జీబీ కొంటే చివరిదాకా 8 జీబీయే. ఆండ్రాయిడ్ స్టూడియోను ఎమ్యులేటర్‌తో కలిపి నడపాలంటే 16 జీబీ ఉండాలని గూగుల్ చెబుతోంది. మూడో ఏడాదిలో ప్రాజెక్టు మొదలుపెట్టే పిల్ల అప్పుడు ఏం చేయాలి? మళ్లీ కొత్తది కొనాలి. దీనికి తోడు ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. పాతదైనా, కొత్తదైనా 16 జీబీ ముందే ఉన్నది దొరికితే అదే తీసుకోండి.

కొత్త బేస్ మోడల్ గెలిచే చోట్లు కూడా ఉన్నాయి. పన్నెండో జనరేషన్ ఐ3-1215యూ, పాత బిజినెస్ లాప్‌టాప్‌లలోని ఎనిమిదో జనరేషన్ ఐ7ల కన్నా స్పష్టంగా వేగమైనది. దానికి ర్యామ్ స్లాట్ ఉండి, మూత తెరిచి మూస్తే కిర్రుమనకుండా ఉంటే నేనే కొనమంటాను. ఆపిల్ సంగతి వేరు. అక్కడ ర్యామ్, స్టోరేజ్ రెండూ బోర్డు మీదివే కాబట్టి చిప్ ఏదన్నదే అసలు విషయం. 2019 నాటి ఇంటెల్ 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో చూడ్డానికి దర్జాగా ఉంటుంది. 2020లో వచ్చిన ఎం1 ఎయిర్ బేస్ మోడల్‌కు ఫ్యాన్ కూడా లేదు, అయినా మామూలు పనికి దానికంటే చల్లగా, ఎక్కువ సేపు నడుస్తుంది. ఇంటెల్ మ్యాక్‌లకు మ్యాక్‌ఓఎస్ టాహోయే చివరిదని ఆపిల్ ప్రకటించింది కూడా. పాత గేమింగ్ లాప్‌టాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. ఏళ్ల తరబడి వేడికి ఉడికిన గ్రాఫిక్స్ చిప్ ఎప్పుడు పోతుందో మేమూ చెప్పలేం. అలాగే దగ్గర్లో మెకానిక్ లేని ఊళ్లో ఉండేవాళ్లకు, పాతదాన్ని పరీక్షించి తీసుకునే ఓపిక లేనివాళ్లకు ఇంటికొచ్చి బాగుచేసే వారంటీతో కొత్తది కొనుక్కోవడమే మేలు.

పాతది తీసుకునేవాళ్లు కౌంటర్ దగ్గరే బ్యాటరీ రిపోర్ట్ తీయించండి. విండోస్‌లోనే ఒక్క కమాండ్‌తో వస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ 48,000 అని, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 30,000 అని ఉంటే బ్యాటరీ మూడో వంతు పైగా అరిగిందని అర్థం. కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి. బయోస్‌కు పాస్‌వర్డ్ ఉందేమో చూడండి. ఉంటే ఎంత చవకైనా అక్కడే వదిలేసి రండి. వైఫైకి కలిపి సెటప్ మొదటి నుంచి చేయించండి. పాత కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే ఆ మెషిన్ ఇంకా ఆ కంపెనీ రికార్డుల్లోనే ఉందన్నమాట, అదీ వద్దు. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ నొక్కండి. ఛార్జర్ పిన్‌ను అటూ ఇటూ కదిపి చూడండి.

సూర్యాపేట ఆయన చూసొచ్చిన ఐ7 ఏడో జనరేషన్‌ది. కొత్త డబ్బాలోని ఐ3కి ఉన్నది సోల్డర్ చేసిన 8 జీబీ. రెండూ వద్దన్నాను. ఎనిమిదో జనరేషన్ ఐ5, 16 జీబీ వెతకమని చీటీ రాసిచ్చాను.

కాలేజీలు విద్యార్థులకిచ్చే సర్క్యులర్లలో "ఐ5 లేదా ఐ7, 8 జీబీ" అని రాసి ఊరుకుంటున్నాయి. జనరేషన్ లేని ఆ వాక్యం అమ్మేవాళ్లకు తప్ప ఎవరికీ పనికిరాదు. ప్రాసెసర్ పూర్తి నంబరు, కనీసం 16 జీబీ అన్న మాట అందులో ఉండాలి. కొత్తవి అమ్మే షాపులు ర్యామ్ స్లాట్‌లో ఉందా, సోల్డర్ చేశారా అన్నది ధర పక్కనే రాయాలి. పాతవి అమ్మేవాళ్లు ప్రాసెసర్ నంబరు, బ్యాటరీ ఫుల్ ఛార్జ్ కెపాసిటీ బిల్లు మీద వేయాలి. వేయనంటే పక్క షాపుకు వెళ్లండి. పార్క్‌లేన్‌లో షాపులకు కొదవ లేదు.