మిగిలిన యన్నము

మొన్నటి వేసవిలో మధ్యాహ్నము మిగిలిన యన్నమును గిన్నెతోనే మూతవెట్టి యుంచి, రాత్రి చక్కగా వేడిచేసి మా చిన్నవానికి బెట్టితిని. రెండు గంటలు గడవకమున్నే వాంతులు పట్టుకొన్నవి. తెల్లవాఱువఱకు వానిని ఒడిలో నుంచుకొని కూర్చుంటిని. మరల కాచితిని గదా, దోషమెట్లు కలిగెనని నా సందేహము. వైద్యుడు చెప్పగా తెలిసినది: అన్నమందలి యొకజాతి సూక్ష్మజీవుల బీజములు ఉడికినను చావవట! అన్నము వెచ్చగా నున్నంతసేపు మొలకెత్తి విషమును పుట్టించును. ఆ విషము మరల కాచినను పోదు. వాసనయు మాఱకపోవచ్చును.

ఇప్పుడు మిగిలినదానిని వెంటనే వెడల్పు పళ్లెములో పలుచగా పఱచి, గంటలోపల చల్లార్చి ఫ్రిజ్జులో నుంచి, మఱునాడే ముగించుచున్నాను, వేడిచేయుట యొక్కమాఱే. పగలెల్ల మూతక్రింద నున్నదానికి రాత్రి నీళ్లు పోసి చద్ది యనుకొనుటయు పొరపాటే. పారవేయుటకు మనసొప్పదు, నిజమే. అందుచేత సోలెడు బియ్యము తక్కువ వండుచున్నాను. అత్తగారు మాత్రము గిన్నె వంక చూచి నిట్టూర్చుచునే యున్నారు.