ఓటీపీ ఇచ్చినవంటే ఆప్షన్ పోయినట్టే

ఇంటర్ రిజల్ట్స్ వస్తే చాలు, జనగామ, మానుకోట, భూపాలపల్లి దిక్కు ఊర్లళ్లకు ప్రైవేటు డిగ్రీ కాలేజీల పీఆర్వోలు దిగుతరు. "ఓటీపీ చెప్పు తమ్మీ, దోస్త్ మేమే నింపుతం, రెండు వందలు గూడ మేమే కడతం" అంటరు.

2016ల దోస్త్ వచ్చిందే కాలేజీని పిల్లలు సొంతంగ ఎంచుకునేతందుకు. ఓటీపీ వాళ్ల చేతుల పడితే ఆప్షన్ గూడ వాళ్లదే.

రీయింబర్స్‌మెంట్ ఉన్నది, ఫీజు లేదంటరు. ఆ బకాయిలు రాకనే 2025 నవంబర్‌ల ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టినయి. బాకీ సర్కారుది, ఆపేది మన సర్టిఫికెట్లు! ఒరిజినల్స్ ఉంచుకోవద్దని 2018లనే యూజీసీ చెప్పింది.

నేననేది ఒక్కటే: ఫీజు ఎంతో కాయిదం మీద రాయించుకోండ్రి. సర్కారు డిగ్రీ కాలేజీని గూడ చూడుండ్రి. ఆప్షన్ మీరే పెట్టుండ్రి.